సార్వభౌమ శబ్దం – పల్నాటి సాక్ష్యం

'సార్వభౌముడు' అన్న మాటలో భూమి వున్నది. సర్వభూమి శబ్దం మీద, దానికి ఈశ్వరుడన్న అర్థంలో, పాణిని ప్రత్యయం విధించాడు. అంటే పుట్టుకలో యిది నేలపై ఆధిపత్యాన్ని చెప్పే మాట. నేల చేతిలో వున్నవానికి మనుషులు లోబడక తప్పదు గనుక రెండవ అర్థం దానంతటదే వచ్చి చేరింది.

కావ్యాలు యీ బిరుదును రాజులకు ధారాళంగా పంచిపెట్టాయి. కవికీ అది ముద్దయింది, శ్రీనాథుడు కవిసార్వభౌముడైనాడు. ఆయనదిగా ప్రసిద్ధమైన పల్నాటి వీరచరిత్రలో మాత్రం సర్వభూమినీ యేలినవాడెవడూ లేడు. గురజాల నలగామరాజూ, మాచర్ల మలిదేవరాజూ ఒక్క సీమకే దాయాదులు. పన్నెండవ శతాబ్దంలో ఆ సీమలో భాగం తిరిగి యివ్వనన్నందుకే కారెంపూడిలో రక్తం పారింది.

అసలు ప్రశ్న అదే పల్నాటిలో 1921లో లేచింది. అడవిలో పశువులు మేసినందుకు ఆంగ్ల ప్రభుత్వం పుల్లరి కట్టమన్నది. అడవి ఎవరిదని రైతులు ఎదురడిగారు. 1922 ఫిబ్రవరిలో మించాలపాడులో పోలీసులు కన్నెగంటి హనుమంతును కాల్చి చంపారు. గడ్డిపోచ మీద పన్ను వేయగలవాడే సార్వభౌముడు: ఏ నిఘంటువూ యివ్వని వివరణ అది.

1950లో అమలైన రాజ్యాంగం ఆ అధికారం ప్రజలదన్నది. దానికి మనం 'సర్వసత్తాక' అన్న మాట వాడుకున్నాము. సత్తా అంటే సంస్కృతంలో ఉనికి, హిందీ మరాఠీలలో అధికారం, మన వాడుకలో చేవ. మాటలోనుంచి భూమి తప్పుకున్నది, బతుకులోనుంచి తప్పుకోలేదు. తాను దున్నే చెక్క మీద కాగితపు హక్కయినా లేని కౌలురైతుకు యీ సత్తా ఎంత దక్కిందో అదే ఆ మాటకు నేటి అర్థం.