పింగాణిపై నచ్చు

1756వ సంవత్సరము జూలై 27వ తేదీన ఆఱు గంటలలో 1,200లకుఁ బైగాఁ బింగాణిపలకలపై బొమ్మలచ్చు వేసితిమని లివర్పూలు నగరవాసులగు జాన్ శాడ్లరు, గై గ్రీనులు ప్రమాణపూర్వకముగాఁ దెలిపిరి. రాగిఱేకుపైఁ జెక్కిన చిత్రమును రంగుతోఁ బలుచని కాగితమున కెత్తి, దానిని మంటిపాత్రపై నద్ది కాల్చుటయే యీ విద్య.

1815 ప్రాంతమున స్పోడు కార్ఖానావారు, కెప్టెన్ విలియమ్సన్ వేఁటగ్రంథమునందలి చిత్రముల నిట్లే పళ్లెముల కెక్కించిరి. అందున్నవి మన దేశపుటేనుఁగులు, పులులు, మావటులు. మన బ్రదుకు పరుల భోజనపాత్రలపై బొమ్మయై నిలిచినది!

మనకుఁ గుమ్మరిసారె లేకపోలేదు. బందరు అద్దకపుటచ్చులును లేకపోలేదు. ఆ రెండు చేతులు కలియకుండ నడ్డగించిన దేమి? పుట్టుకనుబట్టి పనిని బంచిన యాచారమే యని మేము తలంచుచున్నాము. పూర్వుల విద్యలను గొనియాడుట చాలదు. ఆ విద్య లెఱిఁగినవారిని నొక్క పంక్తినిఁ గూర్చుండఁబెట్టవలయును.