మోడెమ్, రూటర్: ఇంటి ఇంటర్నెట్‌కు ఏది కొనాలి, ఏది కొనక్కర్లేదు?

నెలనెలా 100 ఎంబీపీఎస్ ప్లాన్‌కు డబ్బు కడుతున్నారు. హాల్లో వీడియో బాగానే వస్తోంది. వెనక గదిలో మాత్రం పిల్లల ఆన్‌లైన్ క్లాసు మధ్యలో ఆగిపోతోంది. లోపం కంపెనీదా? లైన్‌దా? లేక మూలన పెట్టిన ఆ చిన్న డబ్బాదా?

ఇది తేల్చుకోకుండానే చాలామంది కొత్త రూటర్ కొనేస్తారు. సంగారెడ్డి జిల్లాలోని నారాయణఖేడ్ లాంటి పట్టణంలో ఆ పొరపాటు ఖరీదు ఇంకాస్త ఎక్కువ. పెద్ద నగరంతో పోలిస్తే ఇక్కడ కంపెనీలూ తక్కువే, దుకాణాలూ తక్కువే. కొన్న పరికరం సరిపడకపోతే మార్చుకోవడానికి సంగారెడ్డికో, హైదరాబాద్‌కో వెళ్లాల్సి రావొచ్చు. అందుకే కొనే ముందే ఈ విషయాలు తెలుసుకోండి.

మోడెమ్ వేరు, రూటర్ వేరు

బయటి నుంచి వచ్చే సిగ్నల్‌ను ఇంట్లోని పరికరాలకు అర్థమయ్యేలా మార్చేది మోడెమ్. ఆ ఇంటర్నెట్‌ను ఫోన్లు, టీవీ, ల్యాప్‌టాప్‌లకు పంచేది రూటర్. నీళ్లతో పోల్చితే మోడెమ్ మీటరు దగ్గరి కనెక్షన్, రూటర్ ఇంట్లోని పైపులు. ఇప్పుడు కంపెనీలు ఇచ్చే డబ్బాల్లో చాలావరకు రెండు పనులూ ఒక్కటే చేస్తుంది. అందుకే రెంటినీ కలిపి ‘మోడెమ్’ అనేస్తున్నాం.

మీ ఇంటికి వచ్చేది ఏ లైన్?

ఫైబర్: గాజు పోగు ఉన్న సన్నటి కేబుల్, చివర పచ్చ లేదా నీలం రంగు ప్లగ్ ఉంటుంది. దీనికి మోడెమ్ స్థానంలో ఓఎన్‌టీ అనే డబ్బా పెడతారు.

పాత టెలిఫోన్ తీగ: దీనికి డీఎస్ఎల్ మోడెమ్ కావాలి.

టీవీ కేబుల్: దీనికి కేబుల్ మోడెమ్ కావాలి.

ఎయిర్ ఫైబర్: పేరులో ఫైబర్ ఉన్నా ఇంటికి వచ్చేది 5జీ సిగ్నల్. దాన్ని అందుకునే పరికరాన్ని కంపెనీయే అమరుస్తుంది. టవర్ సిగ్నల్‌ను బట్టే వేగం ఉంటుంది.

ఒక రకం లైన్‌కు చేసిన మోడెమ్ ఇంకో రకానికి పనికిరాదు. బంధువుల ఇంట్లో వాడకుండా పడి ఉన్న డబ్బా తెచ్చి పెట్టుకుందామనుకునేవారు ముందు ఇది చూసుకోవాలి.

ఓఎన్‌టీ సొంతంగా కొనొచ్చా?

తొందరపడొద్దు. ఫైబర్ లైన్‌లో ప్రతి ఓఎన్‌టీని కంపెనీ తన వ్యవస్థలో నమోదు చేయాలి. నమోదు కాని డబ్బాకు ప్లగ్ పెట్టినా ఇంటర్నెట్ రాదు. కొన్ని కంపెనీలు తాము ఇచ్చిన డబ్బాలనే అనుమతిస్తాయి. కాబట్టి కొనాలనుకుంటే ఏ మోడల్‌ను అంగీకరిస్తారో ముందే అడిగి, మెసేజ్ రూపంలో తీసుకోండి.

దీనికంటే సులువైన దారి ఒకటుంది. కంపెనీ ఇచ్చిన ఓఎన్‌టీని అలాగే ఉంచి, దాని లాన్ పోర్టు నుంచి తీగతో మీ సొంత రూటర్‌ను కలపడం. రేపు కంపెనీ మారినా ఆ రూటర్ మీతోనే ఉంటుంది.

కొనే ముందు ఒక పరీక్ష

ల్యాప్‌టాప్‌ను లాన్ తీగతో నేరుగా డబ్బాకు కలిపి స్పీడ్ టెస్ట్ చేయండి. ల్యాప్‌టాప్ లేకపోతే ఫోన్‌ను 5 గిగాహెర్ట్జ్ వైఫైకి కలిపి, డబ్బా పక్కనే నిలబడి చూడండి. ఉదయం ఒకసారి, రాత్రి 9 గంటల ప్రాంతంలో ఒకసారి చేయండి.

తీగతో ప్లాన్‌కు దగ్గరగా వేగం వచ్చి, గదిలో రాకపోతే లోపం వైఫైది. రూటర్ మార్చడమో, చోటు మార్చడమో ఫలితమిస్తుంది. తీగతోనే వేగం రాకపోతే ముందు కంపెనీకి ఫిర్యాదు చేయండి. లోపం లైన్‌లో ఉంటే ఎంత ఖరీదైన రూటర్ కొన్నా ఉపయోగం లేదు.

ఓఎన్‌టీ మీద ‘లాస్’ లైటు ఎర్రగా వెలిగితే ఫైబర్ సిగ్నల్ అందడం లేదని అర్థం. తీగ తెగి ఉండొచ్చు, వంగి ఉండొచ్చు. ప్లగ్ ఊడదీసి కొనలోకి కన్ను పెట్టి చూడొద్దు. అందులోని లేజర్ కాంతి కంటికి కనిపించదు, హాని చేస్తుంది.

రూటర్‌లో ఏం చూడాలి?

డ్యూయల్ బ్యాండ్ తప్పనిసరి. 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్ దూరం వెళుతుంది, కానీ వేగం తక్కువ. పక్కింటి వైఫైలూ అదే దారిలో ఉంటాయి. 5 గిగాహెర్ట్జ్‌లో వేగం ఎక్కువ, గోడలు దాటే శక్తి తక్కువ. చవక రూటర్లలో చాలావాటికి మొదటిదే ఉంటుంది.

పోర్టులు గిగాబిట్ రకానివా అని అడగండి. పెట్టె మీద ఎంత పెద్ద అంకె ఉన్నా, పోర్టు 100 ఎంబీపీఎస్‌దైతే 200 ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకుని లాభం లేదు.

వైఫై 5 సాధారణ కుటుంబానికి సరిపోతుంది. ఇంట్లో పది పదిహేను పరికరాలు ఒకేసారి నడిస్తే వైఫై 6 మేలు. అయితే ఆ ప్రయోజనం పూర్తిగా దక్కాలంటే మీ ఫోన్ కూడా వైఫై 6కు పనిచేసేదై ఉండాలి. ఒక హెచ్‌డీ వీడియోకు సుమారు 5 ఎంబీపీఎస్ చాలు. అవసరాన్ని దాన్నిబట్టి లెక్కేసుకోండి.

వారంటీ ఎన్నేళ్లు, సర్వీస్ సెంటర్ ఏ ఊళ్లో ఉందో అడగండి. అడాప్టర్ మీద బీఐఎస్ ముద్ర ఉందో లేదో చూడండి.

ఎక్కడ పెట్టాలి?

కనెక్షన్ ఇచ్చేవాళ్లు తీగ మిగలాలని గుమ్మం దగ్గరే డబ్బా బిగించి వెళ్లిపోతుంటారు. ఇంటి మధ్యలో, మనిషి ఎత్తులో పెట్టమని ఆ రోజే అడగండి. ఇనుప బీరువా, ఫ్రిజ్, టీవీ వెనక పెట్టొద్దు. మందమైన రాతి గోడలున్న పాత ఇళ్లలో ఒక్క రూటర్ వెనక గదికి అందకపోవచ్చు. అప్పుడు లాన్ తీగ లాగి రెండో రూటర్ పెట్టడం నమ్మకమైన పద్ధతి. తీగ లాగడం కుదరకపోతే మెష్ రూటర్లు ఉన్నాయి.

కరెంటు పోయినప్పుడూ నెట్ కావాలంటే చిన్న రూటర్ యూపీఎస్ తీసుకోండి. దాని వోల్టేజి మీ అడాప్టర్ మీద రాసినదానితో సరిగ్గా కలవాలి. ఆంపియర్లు అంతకు తగ్గకూడదు. ఓఎన్‌టీ, రూటర్ వేర్వేరుగా ఉంటే రెంటికీ బ్యాకప్ కావాలి.

సంతకం పెట్టే ముందు అడగండి

- డబ్బా ఉచితమా, అద్దెకా, డిపాజిట్ మీదా? కనెక్షన్ వద్దనుకుంటే డిపాజిట్ తిరిగి వస్తుందా?
- ఇన్‌స్టలేషన్ చార్జీ ఎంత? చెప్పిన ధరలో 18 శాతం జీఎస్టీ కలిసిందా?
- డేటా పరిమితి ఉందా? అది దాటాక వేగం ఎంతకు పడిపోతుంది?
- సొంత రూటర్ కలుపుకోనిస్తారా? లాగిన్ వివరాలు ఇస్తారా?

ప్రతి చెల్లింపునకూ రసీదు తీసుకోండి. కనెక్షన్ వచ్చిన రోజే వైఫై పాస్‌వర్డ్‌తో పాటు రూటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ కూడా మార్చండి.

ఫిర్యాదు ఎలా?

ముందు కంపెనీ కాల్ సెంటర్‌కు చెప్పి డాకెట్ నంబరు తీసుకోండి. నోటిమాటగా లైన్‌మన్‌కు చెప్పినది లెక్కలోకి రాదు. పరిష్కారం కాకపోతే ట్రాయ్ 2012 నిబంధనల ప్రకారం అదే కంపెనీలోని అప్పిలేట్ అథారిటీకి ఉచితంగా అప్పీలు చేసుకోవచ్చు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు కూడా ఫోన్ చేయవచ్చు. తీగతో చేసిన స్పీడ్ టెస్ట్ స్క్రీన్‌షాట్లు తేదీ, సమయంతో సహా దాచుకుంటే అవే మీకు ఆధారం.

టీ-ఫైబర్ కోసం ఆగాలా?

మిషన్ భగీరథ తాగునీటి పైపులతో పాటే వేసిన గొట్టాల గుండా ఇంటింటికీ ఫైబర్ ఇవ్వాలన్నది రాష్ట్ర ప్రభుత్వ టీ-ఫైబర్ పథకం. 2024 డిసెంబరులో దీన్ని ప్రయోగాత్మకంగా మొదలుపెట్టిన గ్రామాల్లో సంగారెడ్డి జిల్లాలోని సంగుపేట కూడా ఒకటి. మీ వీధికి లైన్ వచ్చాకే నిర్ణయం తీసుకోండి. ఈలోగా రూటర్ కొనాల్సి వస్తే, ఏ కంపెనీ ఓఎన్‌టీకైనా లాన్ తీగతో కలిపే సాధారణ రూటర్‌నే ఎంచుకోండి. రేపు లైన్ మారినా అది వృథా కాదు.