చిన్న కెమెరా, చిన్న సంచి: కొంత చరిత్ర

చిన్న కెమెరా కొనుక్కున్నవారికి మొదటి వారంలోనే ఒక సందేహం పట్టుకుంటుంది. దీన్ని దేనిలో పెట్టుకుని తిరగాలి? అంగట్లో అడిగితే నల్లటి మెత్తని పెట్టెవంటి సంచి ఒకటి చూపిస్తారు. కెమెరాకొక అర, బ్యాటరీకొక అర, తుడుచుకునే గుడ్డకొక అర, ఎందుకో తెలియని అరలు మరో రెండు. అరచేతిలో ఇమిడే వస్తువు ఆ సంచిలోకి వెళ్ళేసరికి కొబ్బరికాయంత అవుతుంది. చిన్నది కొన్న ప్రయోజనం అక్కడితో సరి.

ఇది కేవలం సౌకర్యానికి సంబంధించిన ప్రశ్న కాదని నా అభిప్రాయం. కెమెరాను ఎవరు మోశారు, ఎలా మోశారు, ఎదుటివారికి కనబడేలా మోశారా, దాచి మోశారా అన్న సంగతులు ఆ కెమెరా తీసిన బొమ్మల్లోని ముఖాల మీద కూడా ఉంటాయి. మా కరీంనగర్, ఆదిలాబాదు ప్రాంతాల్లో ఫొటోలు తీస్తూ తిరిగేవాడిగా ఈ చరిత్ర నాకు పనికివచ్చింది. చదువరులకూ పనికిరావచ్చునని ఇక్కడ రాస్తున్నాను.

1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ తడిపలక పద్ధతిని ప్రకటించాడు. గాజుపలకకు మందు పూసి, అది ఆరకముందే బొమ్మ తీసి, ఆరకముందే కడగాలి. అంటే ఛాయాగ్రాహకుడు ఎక్కడికి వెళ్తే చీకటిగది అక్కడికి వెళ్ళాలి. కెమెరా, ముక్కాలి పీట, గాజుపలకలు, మందుసీసాలు, నీళ్ళు, నల్లగుడ్డ గుడారం, వీటన్నింటికీ బండీ, మోసే మనుషులూ కావాలి. 1871లో రిచర్డ్ లీచ్ మాడాక్స్ జెలటిన్ పూతతో పొడిపలకకు దారి చూపాక గుడారం బరువు తప్పింది కాని గాజు బరువు తప్పలేదు.

నిజాం రాజ్యంలో ఆ గాజు యుగానికి గుర్తు రాజా దీన్‌దయాళ్ (1844-1905). మీరట్ దగ్గరి సర్ధనాలో పుట్టి, రూర్కీలో చదివి, ఇందూరులో ప్రభుత్వోద్యోగం చేసి, ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడయ్యాడు. సికింద్రాబాదులో ఆయన స్టూడియో ఉండేది. ఆయన గాజు నెగెటివులు 2,857 ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రానికి చేరాయి. ఆ సంఖ్యను చూసినప్పుడు నాకు మొదట కళ గుర్తుకు రాదు. అన్ని గాజుపలకలు పగలకుండా ఎత్తి దించిన కూలీల భుజాలు గుర్తుకొస్తాయి. వాళ్ళ పేర్లు ఏ ఫొటో కిందా ఉండవు.

పెద్ద కెమెరా కనబడకుండా రాలేదు, నిజమే. అందుకని ఎదుటి మనిషిని అడిగి తీసిందనుకోవడం పొరపాటు. 1868-75 మధ్య వాట్సన్, కే అనే ఇద్దరి సంపాదకత్వంలో భారతదేశపు జనుల గురించి ఎనిమిది సంపుటాలు వెలువడ్డాయి. కులాల వారీగా, తెగల వారీగా మనుషులను నిలబెట్టి తీసిన బొమ్మలవి. బండినిండా సామానుతో, వెనక సర్కారు బలంతో వచ్చిన కెమెరాను ఒక సామాన్యుడు ‘నన్ను తీయవద్దు’ అని ఎలా అనగలడు? ఆ బరువు అధికారపు బరువు కూడా.

కెమెరా చిన్నదయ్యాకనైనా ఈ సంగతి మారిందా అంటే, మొదట మరో వైపుకు మారింది. 1886లో వచ్చిన స్టిర్న్ కెమెరా గుండ్రని పళ్ళెం వంటిది. దాన్ని కోటు లోపల మెడకు వేలాడదీసుకుంటే గుండీ కాజాలోంచి కటకం తొంగిచూసేది. మోసే సాధనమే దాచే సాధనం కూడా అయిందన్నమాట. ఆ రోజుల్లో చేతికెమెరాలను డిటెక్టివ్ కెమెరాలని పిలిచేవారు. 1888లో ఈస్ట్‌మన్ తెచ్చిన కొడాక్‌లో చుట్టఫిల్ము, 100 బొమ్మలు. వెల 25 డాలర్లు, భుజాన వేసుకునే తోలుసంచి అందులోనే. 1912లో జేబులో పట్టే మడత కెమెరాను అదే సంస్థ తెస్తే మొదటి ప్రపంచయుద్ధంలో ఎందరో సైనికులు దాన్ని జేబులో పెట్టుకుని పోయారు. బ్రిటిషు సైన్యం యుద్ధరంగంలో కెమెరాలను నిషేధించినా ఆ బొమ్మలు ఆగలేదు.

1925లో జర్మనీలోని లీప్‌జిగ్ సంతలో లైట్జ్ సంస్థ ‘లైకా’ను జనం ముందు పెట్టింది. ఆస్కార్ బార్నాక్ అనే పనివాడు సినిమా ఫిల్ముకు సరిపడేలా దాన్ని రూపొందించాడు. ఉబ్బసంతో పెద్ద కెమెరాలు మోయలేకపోవడం ఆయన్ను ఈ ఆలోచన వైపు నడిపిందని చెబుతారు. 24×36 మిల్లీమీటర్ల బొమ్మలు 36, ఒక్క చుట్టలో. దీనికి జతగా స్థిరపడిన తోలు తొడుగు నాకు చాలా ఇష్టమైన వస్తువు. జర్మన్లు దాన్ని ‘సిద్ధంగా ఉండే సంచి’ అనే అర్థం వచ్చే పేరుతో పిలిచారు. కెమెరా అందులోనే ఉంటుంది. ముందరి మూత కిందికి వాల్చి బొమ్మ తీస్తారు. ఆ మూత గడ్డం కింద ఊగుతూ అడ్డం పడుతుంటే విసిగిన ఫొటోగ్రాఫర్లు దాన్ని ‘ఎన్నడూ సిద్ధంగా ఉండని సంచి’ అని ఎగతాళి చేశారు. అయినా ఆ తొడుగులో ఒక మర్యాద ఉంది. కెమెరా రొమ్ము మీద, అందరికీ కనబడేచోట ఉంటుంది. మూత తెరిస్తే ఫొటో తీయబోతున్నాడని ఎదుటివారికి తెలుస్తుంది.

ఇక మా వైపుకు వస్తాను. 1940లో కుమ్రం భీము జోడేఘాట్‌లో మరణించాక, గోండుల కష్టాలను తెలుసుకోవలసిన అవసరం నిజాం ప్రభుత్వానికి కలిగింది. వియన్నాలో 1909లో పుట్టిన మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమన్‌డార్ఫ్ అప్పటికి హైదరాబాదు రాజ్యంలోనే ఉన్నాడు. జర్మన్ పాస్‌పోర్టు కారణంగా యుద్ధకాలంలో ఆయన్ను ఆ రాజ్యపు ఎల్లల్లోనే ఉంచారు. చెంచుల మధ్య, కొండరెడ్ల మధ్య పనిచేసి ఆదిలాబాదు గోండుల దగ్గరికి వచ్చాడు. భార్య బెట్టీతో కలిసి మార్లవాయిలో ఇల్లు కట్టుకుని ఉన్నాడు. అక్కడే గోండు ఉపాధ్యాయులకు శిక్షణకేంద్రం మొదలైంది. గోండుల మీద ఆయన పుస్తకం 1948లో వచ్చింది. ఆయన తీసిన వేల ఛాయాచిత్రాలు లండన్‌లోని ప్రాచ్య, ఆఫ్రికా అధ్యయన విద్యాలయంలో ఉన్నాయి. బెట్టీ 1987లో మరణించగా ఆమెను మార్లవాయిలో సమాధి చేశారు. ఆ ఊరు నేడు కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లాలో ఉంది.

ఆయన కూడా సర్కారు పంపిన మనిషే. ఆ సంగతిని మరచిపోనక్కరలేదు. కాని ఆ బొమ్మల్లో చాలా చోట్ల మనుషులు తమ పనిలో తాముంటారు. నిలబెట్టిన బొమ్మల బిగింపు అందులో తక్కువ. కెమెరా చిన్నదవడం ఒక్కటే దీనికి చాలదని నేననుకుంటాను. దాన్ని మెడలో వేసుకున్న మనిషి పక్కింట్లోనే ఉంటున్నాడు. ఏం తీస్తున్నాడో, ఎందుకు తీస్తున్నాడో అడిగే వీలు ఊరివారికి మర్నాడూ ఉంది, ఆ మర్నాడూ ఉంది. ఒక్కపూటలో వచ్చి పోయే నావంటివాడికి ఆ వ్యవధి ఉండదు. అందుకే మనం మోసే తీరు కొంతైనా ఆ పని చేయాలి.

ఏటా పుష్య అమావాస్యకు ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో నాగోబా జాతర జరుగుతుంది. మెస్రం వంశస్థులు గోదావరి జలాన్ని ఇత్తడి ఝరిలో పట్టుకుని కాలినడకన తెచ్చి పూజ చేస్తారు. అంత దూరం నడిచి తెచ్చినవారి ముందు చెప్పులతో, సంచులతో, పొడవాటి కటకాలతో తోసుకుపోయే జనాన్ని చూస్తే చిన్నతనంగా ఉంటుంది. ఒకసారి ఆ దారిలోని ఒక గూడెంలో ఒక అవ్వ నా నడుము దగ్గరి గుడ్డసంచిని చూసి, “ఆ సంచిల ఏమున్నది బిడ్డా?” అని అడిగింది. తీసి చూపించాను. చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, “మంచిగున్నది. నన్నైతే తియ్యకు” అన్నది. సరేనని సంచిలో పెట్టి తాడు లాగాను. ఆ తరువాత చాలాసేపు పత్తిచేను గురించి, వానల గురించి మాట్లాడుకున్నాం. ఆ రోజు నేను తీయని ఫొటో అది. ఆ సంచి చేయవలసిన పని చేసిందనే నా నమ్మకం.

ఇప్పుడు ఎంపిక సంగతి. బ్యాటరీతో కలిపి రెండు మూడు వందల గ్రాముల కెమెరాకు కావలసినవి రెండే: మణికట్టుకు ఒక తాడు, ఒక పలుచని సంచి. తాడు ఉంటే కెమెరా చేతిలోనే, కనబడేలా ఉంటుంది. జారినా కింద పడదు. సంచికి తోలు అందంగా ఉంటుంది గాని మన వానాకాలంలో చెమ్మ పట్టి బూజెక్కుతుంది. ఆ చెమ్మ కటకానికీ చేటే. అంటుపట్టీ మూతలు చర్రుమని చప్పుడు చేస్తాయి. పూజ జరిగే చోట అది అసహ్యం. నడుముపట్టీకి బిగించే గట్టి పెట్టె బస్సులో కూర్చోగానే పక్కవారి డొక్కలో గుచ్చుకుంటుంది.

నేను వాడేది దర్జీ కుట్టిన దళసరి నూలుసంచి. మూతికి లాగుడు తాడు, లోపల పాత ధోవతి ముక్క. మా పెద్దలు రొండిన దోపుకున్న వక్కల సంచికి ఇది తమ్ముడే. నల్లరేగడి దుమ్ము పడితే ఉతుక్కోవచ్చు. అదనపు బ్యాటరీ చొక్కాజేబులో ఉంటుంది. వానరోజున పైన ఒక ప్లాస్టిక్ కవరు.

ఈ రోజుల్లో చాలామందికి ఫోనే కెమెరా. దానికి సంచి కూడా అక్కర్లేదు. మాట్లాడుతున్నామో, ఫొటో తీస్తున్నామో ఎదుటివారికి తెలియదు. స్టిర్న్ కెమెరా కోటు గుండీలోంచి చేసిన పనిని మనమిప్పుడు ఏ కోటూ లేకుండా చేస్తున్నాం. అందుకే విడిగా ఒక చిన్న కెమెరాను, దానికొక చిన్న సంచిని పట్టుకు తిరగడం నాకు దండగ అనిపించదు. బండెడు సామానుతో వచ్చినవాణ్ణి కాదనలేకపోయారు. దాచి తీసినవాణ్ణి కాదనే అవకాశమే లేకపోయింది. చేతిలో కనబడే చిన్న కెమెరా ముందు మాత్రమే ఒక అవ్వ వద్దని చెప్పగలదు. సంచి కొనేటప్పుడు నేను చూసుకునే మొదటి గుణం అదే.