లాడ్ బజార్ లక్క గాజులు: చేతిపని చరిత్ర, ఇంటి లెక్క

హైదరాబాదు అనగానే చార్మినార్, చార్మినార్ అనగానే గాజులు జ్ఞాపకం రావడం సహజం. పెళ్లి కుదిరిన ఇంటివారు ఏ మతస్థులైనా సరే, లాడ్ బజార్‌కు ఒకసారి పోయి రావలసిందే. అయితే ఆ గాజు ఎవరి చేతుల్లో తయారైంది, లక్క ఎక్కడి నుండి వచ్చింది, చేసినవారికి ఎంత ముట్టింది అనే సంగతి కొనేవారిలో బహు కొద్దిమందికే తెలుసు. ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకొనే మాకు ఈ విషయంతో పని ఏమిటని అడగవచ్చు. ఇలాంటి చేతిపనులు చేసుకొనే ఇండ్ల పిల్లలే మా బెంచీల మీద కూర్చుంటారు. వారి ఇంటి లెక్క తెలియకుండా వారికి బడి లెక్క చెప్పడం కష్టం. అందుకే మాకు తెలిసిన నాలుగు మాటలు సభ్యుల ముందు ఉంచుతున్నాము.

లక్క ఎక్కడిది?

లక్క అనేది చెట్టు బంక అని చాలామంది అనుకుంటారు. అది సరి కాదు. మోదుగ, రేగు, కుసుమ్ వంటి చెట్ల కొమ్మల మీద ఒక చిన్న పురుగు గుంపులు గుంపులుగా చేరి రసం పీల్చి, తన చుట్టూ గూడులాగా కట్టుకొనే పదార్థమే లక్క. ఆ పురుగులు లక్షల్లో ఉంటాయి గనుకనే దానికి ఆ పేరు వచ్చిందని చెబుతారు. ఉర్దూలో మనం లాఖ్ అంటాము. భారతంలోని లక్క ఇంటి కథ తెలియని తెలుగువారు లేరు. మన ఆడవారు కాళ్లకు పెట్టుకొన్న లత్తుక కూడా ఈ పురుగు ఎరుపే.

దేశంలో లక్క ఎక్కువగా పండేది జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ అడవి ప్రాంతాల్లో. దానిపై పరిశోధన కొరకు రాంచీ దగ్గర నామ్‌కుమ్‌లో 1924లోనే ఒక సంస్థ పెట్టారు. ఒకప్పుడు గ్రామఫోను రికార్డులు కూడా లక్కతోనే చేసేవారు. ప్లాస్టిక్ రావడంతో ఆ గిరాకీ పోయింది. అంతకు ముందే, 19వ శతాబ్దం చివర్లో, రసాయన రంగులు వచ్చి లక్క రంగు వ్యాపారాన్ని దెబ్బ తీశాయి. ఇన్ని దెబ్బలు తగిలినా గాజు మాత్రం లక్కను విడువలేదు.

బజారు పుట్టుక

ముహమ్మద్ కులీ కుతుబ్ షా 1591లో చార్మినార్ కట్టించి, దాని నాలుగు దిక్కులా నాలుగు దారులు వేయించాడు. వాటిలో పడమటి దారి మీద ఉన్నదే లాడ్ బజార్. దీన్నే చూడీ బజార్ అని కూడా అంటారు. లాడ్ అంటే గారాబం గనుక పెండ్లి కూతురి ముచ్చట్లు తీర్చే బజారని కొందరు, లాఖ్ అనే మాటే లాడ్ అయిందని మరికొందరు అంటారు. ఏది నిజమైనా బజారు మాత్రం గాజులదే.

1687లో గోల్కొండ మొగలుల వశమైంది. 18వ శతాబ్దంలో అసఫ్‌జాహీల రాజధాని ఔరంగాబాదు నుండి హైదరాబాదుకు వచ్చిన తర్వాత, నవాబులు, జాగీర్దారులు, వారి పరివారం అంతా ఈ నగరంలో చేరారు. వారి ఇండ్లలో పెళ్లిళ్లు, పండుగలు జరిగినన్నాళ్లు గాజుల పనికి కొదవ లేకపోయింది. హైదరాబాదులోనే పుట్టిన సరోజినీ నాయుడు 1912లో ప్రచురించిన కవితా సంపుటిలో గాజులమ్మేవారి మీద ఒక కవిత, హైదరాబాదు బజార్ల మీద మరొక కవిత ఉన్నాయంటే ఈ బజారు ఖ్యాతి ఎటువంటిదో ఊహించవచ్చు.

1948లో నిజాం పాలన ముగిసింది. 1949లో జాగీర్ల రద్దు వచ్చింది. పెద్ద ఇండ్ల కొనుగోళ్లు తగ్గినవి. అయినా గాజు నిలిచింది. ఎందుకంటే నవాబు బేగం తర్వాత గుమాస్తా భార్య, టీచరు బిడ్డ, ఆటోవాలా చెల్లెలు కొనడం మొదలుపెట్టారు. పెద్దింటి సొమ్ము మధ్యతరగతి ముచ్చట అయింది. ఈ పని బ్రతికి బట్ట కట్టడానికి అదే కారణమని మా అభిప్రాయము.

పని ఎట్లా జరుగుతుంది?

లక్కను బొగ్గుల కుంపటి మీద కరగబెట్టి, రాతిపొడి వంటివి కలిపి, ముద్ద చేసి, కడ్డీలాగా సాగదీస్తారు. పైన రంగు లక్క పూత పూస్తారు. కొలత ప్రకారం కోసి, వేడి మీదనే గుండ్రంగా వంచి, రెండు కొనలూ అతుకుతారు. తర్వాత వెచ్చగా మెత్తబడిన లక్కలో గాజు రాళ్లు, అద్దం ముక్కలు, పూసలు ఒక్కొక్కటే పొదుగుతారు. జైపూర్‌లోనూ లక్క గాజులు చేస్తారు గాని, హైదరాబాదు గాజుకు పేరు తెచ్చింది ఈ రాళ్ల పొదుగుడే.

కొలతలోనూ ఒక తమాషా ఉంది. గాజు సైజు 2-4, 2-6, 2-8 అంటారు గదా! 2-4 అంటే గాజు లోపలి వెడల్పు 2 అంగుళాలు, దానిపైన అంగుళంలో 16వ వంతులు 4 అన్నమాట. అంటే రెండుంబావు అంగుళాలు. రూపాయికి 16 అణాలు పోయినా గాజుకు 16 వంతుల లెక్క పోలేదు. మా పిల్లలకు భిన్నాలు చెప్పేటప్పుడు ఇదే ఉదాహరణ ఇస్తాము. వెంటనే పట్టుకొంటారు.

కుంపటి దగ్గర సాధారణంగా మగవారు కూర్చుంటారు. రాళ్లు పొదిగే పని ఎక్కువగా ఆడవారిది. అది ఇండ్లలోనే జరుగుతుంది. పొయ్యి మీద అన్నం ఉడుకుతుండగా ఒక చేత్తో గరిటె, మరో చేత్తో గాజు. కాని ఆ పని చేసిన స్త్రీ పేరు ఏ పుస్తకంలోనూ ఎక్కదు. కూలి లెక్క దళారీకీ ఇంటి మగవానికీ మధ్య తేలిపోతుంది.

ఇంటి లెక్క

ఇక్కడ ఒక చిన్న లెక్క మనవి చేస్తాము. ఇవి ఉదాహరణ కొరకు వేసిన అంకెలేగాని ఎవరి ధరలూ కావు. సొంతంగా సరుకు తెచ్చుకొని భార్యాభర్తలు రోజుకు 10 సెట్లు చేశారనుకోండి. దుకాణదారు సెట్టుకు 150 రూపాయలు ఇస్తాడు. లక్క, రాళ్లు, రంగు కలిపి 90. బొగ్గు, రవాణా 10. మిగిలేది సెట్టుకు 50, రోజుకు 500. బాగానే ఉందనిపిస్తుంది. కాని అది ఇద్దరి కూలి. తలా 250. బడి నుండి వచ్చిన బిడ్డ కూడా రాళ్లు పొదిగితే ముగ్గురి కూలి. తలా 170 కూడా రాదు.

ఇక ఒక్క సెట్టు పూర్తిగా పాడైందనుకోండి. రావలసిన 1500కు బదులు 1350 వస్తాయి. ఖర్చు 1000 మాత్రం మారదు. 500 కాస్తా 350 అయింది! పదింటిలో ఒకటి పోతే లాభంలో మూడో వంతుకు దగ్గరగా పోయిందన్నమాట. దుకాణదారు డబ్బు రెండు నెలలకు ఇస్తే, ఈలోగా లక్కకు అప్పు తెస్తే, ఆ 350లోనే వడ్డీ కూడా పోవాలి. చాలా ఇండ్లలో మెహనత్‌కు లోటు లేదు, కాగితం మీద లెక్కకే లోటు. తన చేతిపని గంటలకు ధర కట్టని మనిషి తన సరుకు ధర చెప్పలేడు. ఇతరులు చెప్పిన ధరకు ఒప్పుకోవలసిందే.

పిల్లల సంగతి

ఈ పనికి ఒక చీకటి పక్క ఉంది. దాన్ని దాచడం మర్యాద కాదు. 2015 జనవరిలో పాతబస్తీలో పోలీసులు తనిఖీలు జరిపి, గాజుల కార్ఖానాల్లో పని చేస్తున్న పిల్లలను వందల సంఖ్యలో విడిపించారు. వారిలో ఎక్కువమంది బీహార్ నుండి తెచ్చినవారు. ఆటలాడుకొనే వయసులో ఇరుకు గదిలో, బొగ్గుల సెగలో, పొద్దస్తమానం రాళ్లు అంటించినవారు. 14 ఏండ్ల లోపు పిల్లలను పనిలో పెట్టడం చట్టరీత్యా నేరము. 2016 సవరణ ప్రకారం బడి వేళలు కానప్పుడు, సెలవుల్లో, ప్రమాదం లేని ఇంటి పనిలో సాయం చేయవచ్చు గాని బడి మాన్పించరాదు.

పని నేర్పడం వేరు, పనిలో పెట్టడం వేరు. తల్లి దగ్గర కూర్చొని చేతి ఒడుపు నేర్చుకొన్న పిల్ల రేపు నాలుగు కొత్త నమూనాలు గీయగలదు. బడి మానిన పిల్ల అవే రాళ్లు, అదే కూలికి, జీవితమంతా పొదుగుతుంది. తరగతిలో వరుసగా గైరుహాజరయ్యే పేర్లు చూసినప్పుడు ఈ తేడా మాకు బాగా తెలిసి వస్తుంది.

ఇప్పుడు చేయవలసినది

2020లోనూ 2021లోనూ రంజాన్ అమ్మకాలు, పెళ్లిళ్ల సీజన్ కరోనా లాక్‌డౌన్ల పాలైనవి. ఏడాది సంపాదనలో పెద్ద భాగం ఆ నెలల్లోనే వచ్చేవారికి అది కోలుకోలేని దెబ్బ. కొందరు కుంపటి వదిలి వేరే కూలికి పోయారు. ఆ తర్వాత 2024లో ఒక మంచి కబురు వచ్చింది. హైదరాబాదు లక్క గాజులకు భౌగోళిక గుర్తింపు దొరికింది. పోచంపల్లి చీరలకు, కరీంనగర్ వెండి తీగ పనికి ముందే దొరికిన గుర్తింపు ఇదే. వేరేచోట చేసిన గాజును హైదరాబాదు లక్క గాజని అమ్మడం ఇక చట్టవిరుద్ధము.

అయితే గుర్తింపు బజారుకు వచ్చినంత మాత్రాన ఇంటికి వచ్చినట్లు కాదు. 1999 చట్టం ప్రకారం చేసేవారు అధీకృత వినియోగదారులుగా చెన్నైలోని రిజిస్ట్రీలో విడిగా పేరు నమోదు చేసుకోవాలి. అది చేయకపోతే ఫలం దుకాణాలకే పోతుంది. 2023లో వచ్చిన విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల పట్టికలో లక్క గాజుల పని పేరు లేదు. కాబట్టి కేంద్ర హస్తకళల శాఖ ఇచ్చే కారీగర్ గుర్తింపు కార్డు మరింత అవసరము.

మన సొసైటీ సభ్యులలో చదువుకొన్నవారు, ఆఫీసుల్లో పని చేసేవారు ఉన్నారు. వారికి మా విన్నపము మూడు మాటలు. దరఖాస్తులు నింపడానికి నెలకు ఒక ఆదివారం కేటాయించండి. కార్డు ఇంటి మగవానితో పాటు రాళ్లు పొదిగే స్త్రీ పేరున కూడా వచ్చేటట్లు చూడండి. జమాఖర్చుల పుస్తకం రాయడం ఆ ఇంటి బడి పిల్లలకే నేర్పండి. అది మేమూ నేర్పుతాము. అన్నిటికంటే సులువైన పని ఒకటి మిగిలింది. ఈసారి గాజులు కొనేటప్పుడు, దుకాణంలో బేరమాడే ముందు, పైన చెప్పిన 350 రూపాయల లెక్క ఒక్కసారి జ్ఞాపకం చేసుకోండి.