కాటన్: ఏలినవారికి నచ్చని ఇంజనీరు

గొల్లపల్లికి ఉత్తరాన ధర్మపురి రేవును ఒరుసుకొని పారే గోదావరే కొన్ని వందల మైళ్ళు దిగి ధవళేశ్వరం చేరుతుంది. అక్కడ నదిలో మునిగేవాళ్ళు కొందరు దేవతలతో పాటు ఒక ఇంగ్లీషు సైనికాధికారిని కూడా తలుచుకొంటారు. ఊరి కూడళ్ళలో ఆయన గుర్రమెక్కి నిలబడి ఉంటాడు. మా వైపు ఆ విగ్రహాలు లేవు. బహుశా అందువల్లనే ఆయన్ని కొంత దూరం నుంచి చూడడం మాకు సాధ్యం.

సర్ ఆర్థర్ కాటన్‌ను (1803-1899) భగీరథుణ్ణి చేయడం తేలిక. వలస పాలన పనిముట్టని ఒక్క మాటతో తోసిపుచ్చడం మనబోటి వాళ్ళకు ఇంకా తేలిక. ఈ రెంటి మధ్యా మరుగున పడిపోయింది ఒకటుంది: అది ఆయన నోరు.

పదహారేళ్ళు దాటీ దాటకముందే ఈస్టిండియా కంపెనీ మద్రాసు ఇంజనీర్ల దళంలో చేరి, 1821లో ఈ దేశం వచ్చాడు. 1824-26 బర్మా యుద్ధంలో కోటల మీద జరిగిన దాడుల్లో పాల్గొన్నాడు. పరరాజ్యాన్ని కబళించే సేనలో తర్ఫీదైన మనిషి అన్నమాట. ఆ సంగతి విగ్రహాల కింద చెక్కిన పలకల మీద కనపడదు.

నీటి చదువు మాత్రం ఆయనకు సైన్యం చెప్పింది కాదు. కావేరి మీద కల్లణైని చూసి నేర్చుకొన్నాడు. లోతు తెలియని ఇసుకలో పునాది నిలపడమెలాగో దాన్ని కట్టిన ఈ దేశపు పనివాళ్ళ నుంచే తెలుసుకొన్నామని ఆయనే రాశాడు. తెల్లవాడి తెలివి మీద తెల్లవాడికే అనుమానం లేని కాలంలో ఆ మాట రాయడం చిన్న విషయం కాదు.

1832-33 నందన కరువు, 1839 నాటి కోరింగ తుఫాను గోదావరి జిల్లాను పీల్చి పిప్పి చేశాయి. 1821లో 7 లక్షల 38 వేలున్న రాజమండ్రి జిల్లా జనాభా 1841కి 5 లక్షల 61 వేలకు పడిపోయింది. శిస్తు పడిపోయింది గనుకనే కంపెనీ కన్ను తెరిచింది. కాటన్ కూడా తన 1844 ప్రతిపాదనను దయాధర్మం పేర అమ్మజూపలేదు. పెట్టుబడికి ఎంత రాబడి వస్తుందో లెక్క కట్టి చూపాడు. ఏలినవారికి అర్థమయ్యే భాష అదొక్కటేనని ఆయనకు తెలుసు. ఆయన మనసులో కరుణ లేదని కాదు, ఆ కరుణ సర్కారు కాగితం మీదికి ఎక్కాలంటే లాభం వేషం వేసుకోవలసి వచ్చింది. 1847లో మొదలైన ఆనకట్ట 1852కి పూర్తయింది. రాయి కొట్టి, మట్టి మోసిన వేలమందిలో మనకు మిగిలిన పేర్లు బహు కొద్ది. కూలీలను కూడగట్టి పని నడిపించిన వీణం వీరన్న పేరు వాటిలో ఒకటి.

మరుసటి ఏడే, 1853లో, న్యూయార్క్ పత్రికకు రాస్తూ మార్క్స్ ఒక మాట పట్టుకొన్నాడు. ఆసియా ప్రభుత్వాల పూర్వపు బాధ్యతల్లో ఖజానా, యుద్ధం రెంటినీ ఇంగ్లీషువారు స్వీకరించి, మూడోదైన ప్రజాపనులను గాలికి వదిలేశారన్నది ఆ మాట. కాటన్ మార్క్సును చదివి ఉంటాడని ఎవరూ అనుకోరు. కాని 1854లో అచ్చయిన ఆయన పుస్తకం, ఇండియాలో ప్రజాపనుల గురించినది, లోపలి నుంచి దాదాపు అదే నేరం మోపింది.

అక్కడినుంచి నలభై ఏళ్ళకు పైగా ఆయన తన ప్రభువులతో పోట్లాడుతూనే ఉన్నాడు. పోట్లాట రైళ్ళ మీద. ఇంగ్లండు వాటాదారులకు ఏటా 5 శాతం వడ్డీకి హామీ ఇచ్చి, నష్టం వస్తే ఇక్కడి రైతు శిస్తులోంచి పూడ్చి వేసే రైళ్ళకన్నా, పంటనూ పండించి సరుకునూ చౌకగా మోసే కాలువలే మేలన్నాడు. 1837 ప్రాంతంలో మద్రాసు రెడ్ హిల్స్ దగ్గర రాయి మోసే రైలుదారి వేయించింది ఈయనే కావడం తమాషా! 1876-78 మహా కరువు తరువాత, 75 ఏళ్ళ వయసులో, పార్లమెంటు కమిటీ ముందు నిలబడి మళ్ళీ అదే చెప్పాడు. కమిటీ వినలేదు. పాతికేళ్ళ తరువాత వలస దోపిడీ చరిత్ర రాసిన రమేశ్ చంద్ర దత్తు ఆ వాదాన్ని అందుకొన్నాడు.

అయితే ఆయన లెక్కలన్నీ సరైనవేమీ కావు. ఆయన ప్రోద్బలంతో వచ్చిన మద్రాసు ఇరిగేషన్ కంపెనీ కూడా ఆ 5 శాతం హామీ మీదే బతికింది. అది తవ్విన కర్నూలు-కడప కాలువ నీళ్ళను నల్లరేగడి రైతులు పెద్దగా వాడుకోలేదు. 1882లో సర్కారు దాన్ని కొనుక్కోవలసి వచ్చింది. ఏలినవారి జమాఖర్చుల్లోంచి వారి విమర్శకుడు కూడా పూర్తిగా బయటపడలేకపోయాడు.

ఎగువ గోదావరి మీదా ఆయన ఆలోచన సాగింది. ఈ నదిలో పడవలు నడిపి నాగపూరు, బీరారు పత్తిని సముద్రానికి దింపాలన్నది పథకం. హేగ్ ఆధ్వర్యంలో దుమ్ముగూడెం దగ్గర పనులు జరిగాయి. 1871లో మానేశారు. అందులో లాంకషైర్ మిల్లుల అవసరం ఉంది, ఒడ్డున ఉన్న పొలాల అవసరం లేదు. ఎగువన నిజాం పాలనలో మంజీర మీద నిజాంసాగర్ వచ్చింది. అసలు గోదావరి మాత్రం జగిత్యాల పల్లెలను పలకరించి కిందికి పోతూనే ఉండింది.

పోచంపాడుకు నెహ్రూ శంకుస్థాపన చేసింది 1963 జులై 26న. ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి అప్పటికి 111 ఏళ్ళు.