బడి గడపలో ఎయిడ్స్ అనాథ: అబిడ్స్, నాంపల్లి నేపథ్యంలో ఒక పరిశీలన

హెచ్ఐవీ, ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టం 2017లో వచ్చింది, 2018 సెప్టెంబరు 10 నుంచి అమలులో ఉంది. ఎవరికి రక్షణ ఇవ్వాలో చెబుతూ ఆ చట్టం మూడు వర్గాలను పేర్కొంటుంది: వైరస్ ఉన్నవారు, వారితో ఒకే ఇంట్లో ఉంటున్నవారు, ఒకప్పుడు అలా కలిసి ఉన్నవారు. చర్చ మామూలుగా మొదటి వర్గం దగ్గరే ఆగిపోతుంది. ఈ వ్యాసానికి మూడోదే ముఖ్యం. అమ్మానాన్నలను ఎయిడ్స్‌కు పోగొట్టుకున్న పిల్లలందరికీ వైరస్ ఉండదు. పరీక్షలో నెగెటివ్ వచ్చిన పిల్లను కూడా బస్తీలో ‘ఆ జబ్బోళ్ల పిల్ల’ అనే అంటారు. వెలి రక్తాన్ని చూసి రాదు, ఇంటిని చూసి వస్తుంది. చట్టం ఈ సంగతి గ్రహించింది. అయితే ఆ పిల్ల నిలబడాల్సిన కౌంటర్లకు ఆ గ్రహింపు చేరిందా అన్నదే ఇక్కడి ప్రశ్న.

ఆ కౌంటర్లు చాలావరకు అబిడ్స్, నాంపల్లి చుట్టూ ఉన్నాయి. రెడ్‌హిల్స్‌లో నిలోఫర్ పిల్లల ఆసుపత్రి ఉంది. 1953 నుంచి నడుస్తున్న ఆ ఆసుపత్రి హెచ్ఐవీ ఉన్న పిల్లల వైద్యంలో ప్రాంతీయ కేంద్రం కూడా. ఎయిడ్స్ నియంత్రణ సంస్థ కార్యాలయం సుల్తాన్‌బజార్‌లో. నాంపల్లిలో క్రిమినల్ కోర్టులు, హజ్ హౌస్, రైల్వే స్టేషన్. జిల్లా కలెక్టరేట్ కూడా చాలాకాలం స్టేషన్ రోడ్డులోనే ఉండేది. స్టేషన్‌కు దగ్గర్లోని అనీసుల్ గుర్బా, తరాల నాటి యతీమ్‌ఖానా, అంటే అనాథాశ్రమం. ఇక బడులు: 1834 నాటి సెయింట్ జార్జెస్ గ్రామర్ స్కూల్, చాపెల్ రోడ్డులో స్టాన్లీ, గన్‌ఫౌండ్రీలో రోజరీ కాన్వెంట్, చిరాగ్ అలీ లేన్‌లో లిటిల్ ఫ్లవర్. మందు, సర్టిఫికెట్, కోర్టు, బడి ఇంత దగ్గరగా ఉన్న చోటు హైదరాబాద్‌లో అరుదు. ఈ సంస్థల్లో ఏదో వివక్ష చూపిందని చెప్పడం నా ఉద్దేశం కాదు. చట్టం ఒక నిజమైన పేటలోకి వచ్చినప్పుడు ఎక్కడ పనికొస్తుందో, ఎక్కడ చిక్కుపడుతుందో చూడడమే పని.

కొంచెం వెనక్కి వెళ్లాలి. మన దేశంలో హెచ్ఐవీ తొలిసారి బయటపడింది 1986లో, మద్రాసులో. ఇరవై ఏళ్లు తిరిగేసరికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దేశంలోనే ఎక్కువ భారం మోస్తున్న రాష్ట్రాల్లో ఒకటైంది. 2005–06 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశం మొత్తంమీద వయోజనుల్లో 0.28 శాతం మందికి వైరస్ ఉంటే, ఇక్కడ 0.97 శాతం మందికి ఉంది. వైరస్‌ను అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులను ప్రభుత్వం ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది 2004 ఏప్రిల్‌లో. పిల్లలకు ప్రత్యేకంగా మందుల కార్యక్రమం 2006 చివర్లో గానీ రాలేదు. ఈ తేదీలను పక్కపక్కన పెట్టి చూస్తే అనాథలు ఎలా తయారయ్యారో తెలుస్తుంది. మందు వచ్చేలోపే పోయిన తల్లిదండ్రుల పిల్లలు వాళ్లు. ఎయిడ్స్ అంటే చావే అని బెదరగొట్టిన తొలినాళ్ల ప్రచారం కూడా వాళ్లకు వారసత్వంగా వచ్చింది. మందు వచ్చాక జబ్బు స్వరూపం మారింది గానీ, ఆ బెదురు అంత తొందరగా పోలేదు. ప్రపంచం మొత్తంమీద ఎయిడ్స్ వల్ల తల్లినో తండ్రినో, ఇద్దరినీనో కోల్పోయిన పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలు సుమారు 1.4 కోట్ల మంది ఉన్నారని యునిసెఫ్ ఇటీవలి అంచనా.

తెలుగునాట ఈ పిల్లల కోసం రెండు దారులు ఏర్పడ్డాయి. మొదటిది వసతి గృహం. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే డిజైర్ సొసైటీ లాంటివి అలా పుట్టాయి. రెండోది పిల్లలను బంధువుల ఇంట్లోనే ఉంచి ఆదుకోవడం. 2007లో మొదలైన బాలసహయోగ కార్యక్రమం, విజయవాడ వాసవ్య మహిళా మండలి అమ్మమ్మలతో, నాయనమ్మలతో కలిసి చేసిన పని ఈ కోవలోవి. నా మొగ్గు రెండోదాని వైపే. వసతి గృహం కడుపు నింపుతుంది, వేళకు మందు మింగిస్తుంది. కానీ ‘పాజిటివ్ పిల్లల హాస్టల్’ అని వీధికంతా తెలిసిన గేటులోంచి రోజూ బడికి బయల్దేరే పిల్లకు తన సంగతి దాచుకునే వీలుండదు. అలాగని, కొడుకునూ కోడలినీ పోగొట్టుకుని డెబ్బై ఏళ్ల వయసులో ఇళ్లలో అంట్లు తోమే నాయనమ్మకు పిల్లను అప్పగించి చేతులు దులుపుకోవడాన్ని కుటుంబ సంరక్షణ అనడం కూడా అన్యాయం. ఆమెకు డబ్బు అందాలి.

ఆ డబ్బుకు దారి ఉంది. బాలల సంరక్షణకు ఉద్దేశించిన కేంద్ర పథకం మిషన్ వాత్సల్య కింద, బంధువుల దగ్గర పెరిగే అనాథలకు నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ ఇవ్వొచ్చు. నగరాల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి 96,000 రూపాయలు దాటకూడదు. చిక్కు మొత్తంలో కంటే విచారణలో ఉంది. అధికారి ఇంటికి వస్తారు. మల్లేపల్లిలోనో ఆగాపురాలోనో ఇరుకు గల్లీలో ఫైలు పట్టుకుని ‘తల్లిదండ్రులు ఎలా పోయారు?’ అని గట్టిగా అడిగితే పక్కింటికి వినపడుతుంది. అద్దె ఇల్లు ఖాళీ చేయించడానికి ఆ ఒక్క మాట చాలు. సాయమే గుట్టు రట్టు చేస్తుందన్న భయంతో దరఖాస్తే పెట్టుకోని కుటుంబాలను నిర్లక్ష్యం కింద లెక్కకట్టడం తప్పు.

బడి విషయంలో చట్టం చిత్రంగా ఉంటుంది. విద్యాహక్కు చట్టం ప్రైవేటు బడుల ప్రవేశ తరగతిలో 25 శాతం సీట్లు పేద, వెనుకబడిన పిల్లలకు కేటాయించమంటుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నిబంధనలు అందులో 5 శాతాన్ని అనాథలు, హెచ్ఐవీ బాధిత పిల్లలు, దివ్యాంగుల కోసం విడిగా ఉంచాయి. చాలా రాష్ట్రాలకు తట్టని ఆలోచన అది. హెచ్ఐవీ బాధిత పిల్లలను వెనుకబడిన వర్గంగా గుర్తించాలన్న మాట 2017లో సుప్రీంకోర్టులోనూ వచ్చింది. కానీ తెలంగాణలో ఆ 25 శాతం ఏళ్ల తరబడి కాగితం దాటలేదు. దాటినా అబిడ్స్‌లో దాని ప్రభావం కొద్దే. ఇక్కడి పాత బడులు చాలావరకు క్రైస్తవ సంస్థలవి. మైనారిటీ విద్యాసంస్థలకు విద్యాహక్కు చట్టం వర్తించదని 2014లో ప్రమతి కేసులో రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. దాన్ని మళ్లీ పరిశీలించాలంటూ 2025 సెప్టెంబరులో మరో ధర్మాసనం ప్రధాన న్యాయమూర్తికి నివేదించింది.

కాబట్టి ఈ పేటలో ఎయిడ్స్ అనాథకు గట్టి ఆసరా విద్యాహక్కు చట్టం కాదు, 2017 చట్టమే. దాని మూడో సెక్షన్ మైనారిటీ, ప్రభుత్వ, ప్రైవేటు అన్న తేడా చూడదు. హెచ్ఐవీ కారణంగా చేర్చుకోకపోవడం, చేర్చుకున్నాక వేరుగా కూర్చోబెట్టడం, చదువుకు రక్తపరీక్షను షరతుగా పెట్టడం, అన్నీ నిషిద్ధం. అయితే ఇది సీటు ఇప్పించే చట్టం కాదు, తలుపు మూయొద్దనే చట్టం. ఫీజు మాట ఎత్తదు. పైగా ఫిర్యాదు చేయాలంటే ముందు ‘మా ఇంట్లో ఇది జరిగింది’ అని ఒప్పుకోవాలి. ఈ చట్టం కింద ఫిర్యాదులు వినే అంబుడ్స్‌మన్ ముప్పై రోజుల్లో ఉత్తర్వు ఇవ్వాలన్నది మంచి నిబంధనే. కానీ ఆ ముప్పై రోజులూ పిల్ల ఏ బడికి వెళ్తుంది?

అన్నిటికంటే సాహసమైనది 32వ సెక్షన్. పన్నెండేళ్లు నిండిన, తగిన పరిణతి ఉండి ఇంటిని నడుపుతున్న పిల్లవాడు తన తమ్ముడికీ చెల్లెలికీ సంరక్షకుడిగా వ్యవహరించవచ్చు. బడిలో చేర్పించవచ్చు, చికిత్స చేయించవచ్చు, బ్యాంకు ఖాతా నడపవచ్చు, ఆస్తి చూసుకోవచ్చు. మన ఇళ్లలో అమ్మ పోతే పెద్దపిల్లే అమ్మ అవుతుంది, చట్టం ఆ వాస్తవానికి సంతకం పెట్టింది. కానీ ఏడో తరగతి పిల్ల చెల్లి అడ్మిషన్ ఫారం మీద ‘గార్డియన్’ గడిలో తన పేరు రాస్తే ఆఫీసు గుమస్తా ఏమంటాడు? ‘పెద్దవాళ్లను తీసుకురా’ అంటాడు. ఆయన చెడ్డవాడు కానక్కర్లేదు. ఆయన ముందున్న ఫారంలో, కంప్యూటర్‌లో ఆ వీలు లేదు, అంతే. పెద్దవాళ్లను తెమ్మంటే ఆ పిల్ల తీసుకురాగలిగేది, తండ్రి ఇంటిమీద కన్నేసిన బాబాయినే కావచ్చు. ఆ ప్రమాదాన్ని చట్టం ఊహించింది. ఆస్తి కాగితాలను బాలల సంక్షేమ కమిటీ దగ్గర భద్రపరచుకునే వీలు, ఇంట్లోంచి గెంటేస్తే అక్కడే ఫిర్యాదు చేసే వీలు కల్పించింది.

ఇవన్నీ తల్లిదండ్రులు పోయాక చేసే పనులు. వారు బతికుండగానే చేయగలిగింది 33వ సెక్షన్‌లో ఉంది: తమ తర్వాత, లేదా తాము మంచాన పడ్డాక, పిల్లలను ఎవరు చూడాలో రాసిపెట్టవచ్చు. మందుల వల్ల ఇప్పుడు చాలామందికి ఆ వ్యవధి దొరుకుతోంది. ఏఆర్‌టీ సెంటర్‌కు వచ్చే తల్లితో కౌన్సెలర్ ఏకాంతంగా మాట్లాడతారు, గోప్యత అక్కడ పాటించాల్సిన నియమం. బరువు, రోగనిరోధక శక్తిని చెప్పే సీడీ4 కణాల లెక్క, మాత్రలు ఎన్ని మిగిలాయి అని అడిగే ఆ గదిలోనే ‘పిల్లల సంగతి ఎవరికి రాసిపెట్టావమ్మా?’ అన్న ప్రశ్న కూడా చేరవచ్చు. అందుకు కొత్త భవనం, కొత్త పథకం అక్కర్లేదు. కార్డులో ఒక గడి, నోటరీ ఖర్చు, న్యాయసేవాధికార సంస్థ నుంచి వారానికో రోజు వచ్చి కూర్చునే లాయరు ఉంటే సరిపోతుంది.