బ్రిటిష్ పింగాణీపై అచ్చు చిత్రాలు

18వ శతాబ్దం నడుమ వరకు బ్రిటన్‌లో కప్పుల మీదా పళ్లాల మీదా బొమ్మ కావాలంటే చిత్రకారులు ఒక్కొక్కటిగా కుంచెతో వేయవలసిందే. రాగి పలక మీద చెక్కిన బొమ్మను కాగితంతో పాత్రకు ఎక్కించే పద్ధతి వచ్చాక సామాన్యుల ఇళ్లకూ బొమ్మల పళ్లాలు చేరాయి.

బర్మింగ్‌హామ్‌లో ఉన్న ఐరిష్ కళాకారుడు జాన్ బ్రూక్స్ 1751లో దీనికి పేటెంటు అడిగాడు, దక్కలేదు. 1756 జూలై 27న లివర్‌పూల్‌లో జాన్ సాడ్లర్, గై గ్రీన్ ఆరు గంటల్లో 1,200కు పైగా గోడ పలకలపై బొమ్మలు అచ్చువేసి, ఆ సంగతి ప్రమాణం చేసి రాసిచ్చారు. తర్వాత జోసయా వెడ్జ్‌వుడ్ తన మీగడరంగు పాత్రలను అచ్చుకోసం బర్స్లెం నుంచి వారి దగ్గరికే పంపేవాడు. వూస్టర్ కర్మాగారానికి బొమ్మలు చెక్కిన రాబర్ట్ హాంకాక్ పనితనం మరింత సున్నితమైనది. 1757 నాటి మగ్గులపై ఆయన చెక్కిన ప్రష్యా రాజు బొమ్మే అందుకు సాక్ష్యం.

ఈ తొలి అచ్చులు గాజు పూత పైన వేసినవి కాబట్టి వాడేకొద్దీ అరిగేవి. పూత కింద వేస్తే అరగవు. అయితే పూతను కరిగించే బట్టీ వేడిని నమ్మకంగా తట్టుకున్న రంగు అప్పట్లో కోబాల్ట్ నీలమే. పాత బ్రిటిష్ పళ్లాలు ఎక్కువగా నీలంగా ఉండటానికి ముఖ్య కారణం ఇదే, చైనా పింగాణీ మీది మోజు దానికి తోడైంది. మట్టి పాత్రలపై పూత కింద నీలి అచ్చు వేసే పద్ధతిని 1784 ప్రాంతంలో స్టోక్‌లో జోసయా స్పోడ్ స్థిరపరిచాడు.

పని ఇలా సాగేది. వేడిచేసిన రాగి పలకకు నూనెలో నూరిన రంగు పట్టించి, గీతల్లో తప్ప మిగతాదంతా తుడిచేవారు. సబ్బునీటితో తడిపిన పలుచని కాగితాన్ని దానిపై ఒత్తి తీసేవారు. ఆ కాగితాన్ని కత్తిరించి, ఒకసారి కాల్చిన పాత్రపై అతికించి, గట్టి బ్రష్షుతో రుద్దేవారు. ఈ అతికించే పని ఎక్కువగా స్త్రీలదే. గుండ్రని పాత్రపై కాగితం ముడతపడకుండా నమూనా కలపడం గొప్ప నేర్పు. చివరికి కాగితాన్ని నీళ్లలో కడిగేసి, నూనె పోయేలా కాల్చి, పూతవేసి మళ్లీ కాల్చేవారు.

బొమ్మలకు పుస్తకాలే ఆధారం. కెప్టెన్ థామస్ విలియంసన్ భారతదేశపు వేటలపై 1807లో తెచ్చిన పుస్తకంలోని పులులు, ఏనుగులు స్పోడ్ పళ్లాలపైకి ఎక్కాయి. 1842 నాటి చట్టం డిజైన్లకు రక్షణ పెంచాక ఇలాంటి నకళ్లు తగ్గాయి.

1820ల చివరికి ఆకుపచ్చ, గులాబీ, గోధుమ రంగులు కుదిరాయి. 1840లలో ఫెంటన్‌లోని ప్రాట్ కర్మాగారంలో జెస్సీ ఆస్టిన్ పలు రంగుల అచ్చుతో డబ్బీ మూతలు తెచ్చాడు.

పాత నీలి పళ్లెం చూసినప్పుడు అంచు పట్టీని పరిశీలించండి. ఎక్కడైనా నమూనా కలవక అతుకు కనిపిస్తే అది అచ్చువేసిన పళ్లెమే.